మర్యాద రామన్నకు బాహుబలి సాటి వస్తుందా?

(సినిమా ప్రశ్నలు, జవాబులు)

కిందటి సంచికలో ఎవరో అడిగిన ప్రశ్నకి "రాజమౌళి సినిమాల్లో నాకు అన్నిటికంటే ఇష్టం 'మర్యాద రామన్న'" అని ఒక్క ముక్కలో రాశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరు అవునన్నారు, ఎక్కువమంది తగువుకొచ్చారు. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: 'బాహుబలి', 'ఆర్ఆర్ఆర్' దేశదేశాల్లో ఆడాయి. సునీల్‌ని పెట్టి తీసిన ఒక మామూలు కామెడీ సినిమాని తీసుకెళ్లి వాటి పైన కూర్చోబెట్టారు. అంత పెద్ద సినిమాలు ఆ చిన్న సినిమాకి సాటి రావంటారా?
— ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: సాటి వచ్చిన చోట్లు ఉన్నాయండీ, రాని చోట్లూ ఉన్నాయి. నంద్యాల నుంచి అడిగారు కాబట్టి సీమ కథతోనే మొదలుపెడతాను.

'మగధీర' 2009 జులై ఆఖర్న వచ్చింది. అప్పటిదాకా తెలుగులో అంత ఖర్చు పెట్టి తీసిన సినిమా లేదు. అంత పెద్ద హిట్ కొట్టిన దర్శకుడి కోసం పెద్ద హీరోలంతా ఎదురుచూస్తుంటారు. రాజమౌళి ఏడాది తిరక్కుండానే, 2010 జులైలో, కమెడియన్‌గా పేరున్న సునీల్‌ని హీరోగా పెట్టి 'మర్యాద రామన్న' తెచ్చాడు. మూలం 1923లో బస్టర్ కీటన్ తీసిన మూగ సినిమా 'అవర్ హాస్పిటాలిటీ'. అమెరికా కుటుంబాల పగ కథని మన సీమకి తెచ్చి నాటారు, అది ఇక్కడి కథేనేమో అన్నంత బాగా నాటుకుంది.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. రాము హైదరాబాద్‌లో సైకిల్ మీద సరుకులు చేరవేసే కుర్రాడు. ఆ పని పోతుంది. సొంతూళ్లో కాస్త పొలం ఉంది కదా, అది అమ్మి ఆటో కొనుక్కుందామని సీమ రైలెక్కుతాడు. రైల్లో పరిచయమైన అమ్మాయి వాళ్లింటికే అతిథిగా చేరతాడు. ఆ ఇంటి పెద్ద రామినీడు. రాము తండ్రికీ ఆ ఇంటికీ మధ్య పాత రక్తం పగ ఉంది. అయితే తమ ఇంట్లో రక్తం పడకూడదని రామినీడు కట్టుబాటు. లోపల ఉన్నంతసేపూ రాముకి మర్యాదలు చేస్తారు. గడప దాటాడా, నరికేస్తారు.

నేను ఈ పేజీ రాయకముందు తణుకులో ఒక థియేటర్‌లో ఆపరేటర్‌గా చేశాను. ఆపరేటర్ సినిమాని ఎలా చూస్తాడో చాలామందికి తెలియదు. ప్రొజెక్టర్ పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తే దూరంగా తెర, మధ్యలో జనం తలలు. ఒక్కరి ముఖం కనపడదు. రీలు అయిపోవస్తుంటే తెర మీద కుడిచేతి వైపు పై మూల చుక్క పడుతుంది. అది చూసుకుని రెండో మిషన్ అందుకోవాలి కాబట్టి చూపు తిప్పడానికి లేదు. రోజూ నాలుగాటలూ అదే బొమ్మ చూస్తుంటే కొన్నాళ్లకి కథ మీద ధ్యాస పోయి తలల మీదకి మళ్లుతుంది. బోరు కొడితే తలలు పక్కకి తిరుగుతాయి, కబుర్లు మొదలవుతాయి, ఎవరో తలుపు తీస్తారు, వరండా వెలుతురు వచ్చి లోపల పడుతుంది. పాట రాగానే సిగరెట్టుకి లేచేవాళ్ల లెక్క నాకు పాట బాగుందో లేదో చెప్పేసేది.

'మర్యాద రామన్న' ఆడిన రోజుల్లో సునీల్ గడప దగ్గరికి వచ్చాడంటే ముందు వరసల్లో తలలు కాస్త పైకి లేచేవి. అందరూ అతని కాళ్లు చూస్తున్నారు. ఒక మనిషి గుమ్మం వైపు నడుస్తున్నాడు, తెర మీద అంతకుమించి ఏమీ లేదు. రెండో వారంలో, ఇంతకుముందు చూసి మళ్లీ వచ్చినవాళ్లు కూడా అలాగే లేచేవాళ్లు. ఒక గడపని చూపించి అంత టెన్షన్ పుట్టించడం ఎంత కష్టమో ఆ కిటికీ దగ్గర నిలబడితే తెలుస్తుంది.

అది ఎందుకు పనిచేసిందంటే, రాము భయపడతాడు. వాడు చచ్చిపోవచ్చు. వాడికి కొట్లాట రాదు, వెనక మనుషులు లేరు, తిరిగి ఇంటికెళ్లడమే వాడికి కావాల్సింది. చూసేవాడి దగ్గర కూడా ఆ భయం ఉంటుంది కాబట్టి కళ్లు తిప్పుకోలేడు.

ఇప్పుడు 'బాహుబలి'కి వద్దాం. మొదటి భాగంలో హీరో శివుడు జలపాతం ఎక్కుతూ జారి పడతాడు, మళ్లీ ఎక్కుతాడు. చూడ్డానికి కన్నుల పండుగ. వాడు పడిపోతాడేమోనని మాత్రం నాకు ఒక్క క్షణం కూడా కంగారు పుట్టలేదు. అంత బలవంతుడికి ఏమీ కాదని టికెట్ తీసుకున్నప్పుడే తెలుసు. అదే సినిమాలో పెంచిన తల్లి మొక్కు తీర్చుకోవడానికి నీళ్లు మోసి మోసి అలిసిపోతుంటే, అది చూడలేక కొడుకు శివలింగాన్నే పెకిలించి భుజానికెత్తుకుని జలపాతం కింద పెట్టేస్తాడు. ఆ దృశ్యం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. పుట్టింది ఎక్కడో చూడండి. అమ్మకి కాళ్లు నొప్పెడతాయని. ఆ బాధ ఏ ఇంట్లో కొడుకుకైనా ఉండేదే. అంత పెద్ద బొమ్మ దాని మీద నిలబడింది.

రెండో భాగంలో నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి కుమార వర్మ. సుబ్బరాజు వేశాడు. గొప్పలు చెప్పుకునే పిరికివాడు. శత్రువులు మీద పడ్డ రాత్రి గడగడలాడిపోతాడు. బాహుబలి పక్కన నిలబడి ధైర్యం చెప్తే కత్తి పట్టుకుంటాడు, మనిషి మారిపోతాడు. ఆ తర్వాత ఆ కొత్త ధైర్యాన్నే వాడుకుని బిజ్జలదేవుడు అతన్ని చావులోకి తోస్తాడు. ఎవరి గెలుపు ముందే తెలిసిపోతుందో వాళ్ల కంటే, ఎవరి గతి ఏమవుతుందో తెలియని ఇతని మీదే నా మనసు నిలిచింది. తాటిచెట్లు వంచి సైనికుల్ని కోటలోకి విసిరే క్లైమాక్స్‌కి హాలంతా ఈలలు వేసింది. నేను జనంలోనే కూర్చుని ఉన్నాను, నాకు ఏమీ అనిపించలేదు.

అందుకే అంటున్నాను. శివలింగం దగ్గర, కుమార వర్మ దగ్గర, కట్టప్పకి శివగామి ఆజ్ఞ ఇచ్చిన దగ్గర 'బాహుబలి' ఏ చిన్న సినిమాకీ తీసిపోదు. మొత్తంగా పక్కపక్కన పెట్టి ఒకటే తీసుకోమంటే నేను గడప ఉన్న సినిమానే తీసుకుంటాను.

ప్రశ్న: మర్యాద రామన్న ఆయన తొలి సినిమా కాదు కదా, ఎనిమిదోది. తొలి సినిమాలు 'స్టూడెంట్ నెం.1', 'సింహాద్రి'. "మొదట్లో తీసిన చిన్న సినిమాలే గొప్పవి" అనే మాట ఆయన విషయంలో ఎలా కుదురుతుంది?
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఆ మాట ఇంగ్లిష్ సినిమాల వాళ్ల దగ్గర బాగా నప్పుతుంది. క్రిస్టఫర్ నోలన్ తొలి సినిమా 'ఫాలోయింగ్' 1998లో వచ్చింది. స్నేహితుల్ని పెట్టుకుని, వారాంతాల్లో, 16 ఎంఎం బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద తీసుకున్నాడు. డబ్బు లేదు, పైన పెత్తనం చేసేవాడూ లేడు. అక్కడ తొలి సినిమా అంటే పూర్తిగా దర్శకుడి సొంతం.

మన దగ్గర అప్పట్లో కుర్రాడికి మొదటి అవకాశం అలా వచ్చేది కాదు. రాజమౌళి కోటగిరి వెంకటేశ్వరరావు దగ్గర ఎడిటింగ్ నేర్చుకున్నాడు, ఈటీవీకి 'శాంతి నివాసం' సీరియల్ తీశాడు. 2001లో 'స్టూడెంట్ నెం.1' వచ్చినప్పుడు పైన పర్యవేక్షణ రాఘవేంద్రరావు గారిది. ఆ సినిమా చూస్తే పాటలు ఎవరి పద్ధతిలో ఉన్నాయో తెలిసిపోతుంది. 'సింహాద్రి' పక్కా మాస్. ఇవి మర్యాద రామన్న కంటే ముందు వచ్చాయి కాబట్టి గొప్పవి అని నేను అనను. తెలుగులో తొలి సినిమా అంటే చాలాసార్లు నిర్మాతకి నమ్మకం కుదిరించే సినిమా. తను తీయాలనుకున్న చిన్న సినిమా తీయాలంటే ముందు ఒక పెద్ద హిట్ చేతిలో ఉండాలి. 'మగధీర' లేకపోతే సునీల్ హీరోగా ఆ కథ ఆ స్థాయిలో వచ్చేదా అంటే, రాదనే నా నమ్మకం.

తొలి రోజుల్లో నా లెక్కకి వచ్చేది 2004 నాటి 'సై'. రగ్బీ ఆట మన జనానికి అస్సలు తెలియదు. ఒక కాలేజీలో రెండు గ్రూపులు ఎప్పుడూ కొట్టుకుంటుంటాయి. ఆ కాలేజీ స్థలాన్ని భిక్షు యాదవ్ అనేవాడు కాజేస్తాడు. దాన్ని తిరిగి దక్కించుకోవడానికి వీళ్లంతా ఒక్కటై వాడి టీంతో రగ్బీ ఆడాలి. జనానికి తెలియని ఆటని కథ మధ్యలో నేర్పించి, క్లైమాక్స్ అంతా ఆ ఆట మీదే నడపడం మామూలు సాహసం కాదు. గ్రౌండ్ పోతే కాలేజీ పోతుంది అనే ఒక్క సంగతి మనకి అర్థమైతే చాలు, రూల్స్ తెలియకపోయినా ఆట చూస్తాం. మా థియేటర్ వెనక ఖాళీ స్థలంలో పిల్లలు కొన్నాళ్లు క్రికెట్ మానేసి పాత గోనెసంచిని చుట్టి బంతి చేసుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడేవాళ్లు. కెమెరా సెంథిల్ కుమార్‌ది. తర్వాత 'మగధీర', 'ఈగ', 'బాహుబలి', 'ఆర్ఆర్ఆర్' అన్నీ ఆయన చేతిలోవే. వాళ్లిద్దరి జత మొదలైంది ఆ మట్టి గ్రౌండ్‌లోనే. వేణుమాధవ్ వేసిన కామెడీ పాత్ర నల్లబాలు కూడా ఆ సినిమాలోనే. ఈ రోజుల్లో పెద్ద సినిమాకి అలాంటి పాత్ర రాస్తే, ఐదు భాషల్లో దాంతో నవ్వించేదెలా అని ముందే తీసేస్తారు. నాకు చాలా బాధగా ఉండే విషయం ఇది.

ప్రశ్న: 'ఈగ'ని మీరు చిన్న సినిమాల్లో వేస్తారా, పెద్ద సినిమాల్లో వేస్తారా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పని చూస్తే పెద్దది, కథ చూస్తే చిన్నది. 2012లో అంత గ్రాఫిక్స్ పని మీద నడిచిన సినిమా ఇంకొకటి చెప్పడం కష్టం. ఆ ఏడాదికి ఉత్తమ తెలుగు చిత్రంగా, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి కూడా జాతీయ అవార్డులు వచ్చాయి. అయితే హీరోని చూడండి. చప్పట్లు కొడితే చచ్చిపోయేంత ప్రాణి. మాట రాదు, నవ్వలేదు, మన హీరోలు వాడే ఆయుధాల్లో ఒక్కటీ దానికి లేదు.

ఒక సీను దగ్గరగా చూద్దాం. సమంత ఏడుస్తుంటుంది. ఆ ఈగ, చనిపోయి మళ్లీ పుట్టిన తన నానీయే అని ఆమెకి తెలియదు. చెప్పడానికి దానికి నోరు లేదు. ఆమె కన్నీటి చుక్క బల్ల మీద పడితే ఆ తడితోనే ఈగ అక్షరాలు గీసి తానెవరో చెప్తుంది. కోట్లు ఖర్చు పెట్టి బొమ్మ గీయించుకుని ఆ డబ్బంతా ఒక కన్నీటి చుక్క మీద పెట్టారు. ఆ అమ్మాయి మైక్రో ఆర్ట్, అంటే మరీ బుల్లి బుల్లి బొమ్మలు, చేస్తుందని మొదట్లోనే చూపిస్తారు, అందుకే తర్వాత ఈగకి కావాల్సిన బుల్లి ఆయుధాలు చేసిపెడితే మనం నమ్ముతాం. అటు విలన్ సుదీప్‌కి నిద్ర లేకుండా చేయడం ఈగ చేసే మొదటి యుద్ధం. దోమ చెవి దగ్గర తిరిగితే రాత్రంతా మేలుకునే ఊళ్ల వాళ్లం, ఆ బాధ మనకి చెప్పనక్కర్లేదు.

పెద్ద సినిమా చిన్న సినిమాకి సాటి రాగలదని ఎవరైనా నాతో వాదించాలంటే 'బాహుబలి'ని పక్కన పెట్టి 'ఈగ' తెచ్చుకోండి. నేను ఒప్పేసుకుంటాను.

ప్రశ్న: నాకు 78 ఏళ్లు. పెద్ద సినిమా వేరు, మంచి సినిమా వేరు అనే గొడవ మా రోజుల్లో లేదు. కె.వి.రెడ్డి గారి 'మాయాబజార్' కంటే పెద్ద సినిమా ఏది, మంచి సినిమా ఏది? మీ లెక్క ప్రకారం ఆయన 'పెద్దమనుషులు' దానికంటే గొప్పదవ్వాలి.
— ఒక పెద్దాయన, తెనాలి

జవాబు: నమస్కారం బాబాయ్ గారూ. మీరు పట్టుకున్న పాయింటు గట్టిది. 'మాయాబజార్' దగ్గర నా వాదన ఏదైనా తలవంచాల్సిందే.

కాకపోతే ఒకటి గమనించండి. 1957లో అంత ఖర్చుతో, మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో, లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరే ట్రిక్కులతో తీసిన భారత కథలో పాండవులు ఒక్క సీనులో కూడా కనపడరు. కురుక్షేత్రం లేదు. ఉన్నదల్లా ఒక ఆడపిల్ల పెళ్లి. ఇచ్చిన మాట తప్పి, డబ్బూ హోదా ఉన్న సంబంధం వైపు మొగ్గిన పుట్టింటివాళ్లు. తెనాలిలోనూ తణుకులోనూ ప్రతి వీధిలో జరిగే కథ. రేవతి చుట్టరికం లెక్కలు వేసే తీరు చూస్తే మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు గుర్తొస్తారు. సావిత్రి గారు మాయా శశిరేఖగా ఎస్వీ రంగారావు గారి నడకనీ దర్పాన్నీ ఒంట్లోకి తెచ్చుకున్నారు, దానికి ఏ ట్రిక్కూ అక్కర్లేదు. కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని సీను ఎంతసేపుండాలో ముందే కట్టేసుకునేవారని అందరికీ తెలిసిందే. సెట్టు ఎంత పెద్దదైనా సీను ఉండాల్సినంత సేపే ఉండేది. ఇప్పటి పెద్ద సినిమాల్లో నాకు లోటుగా కనిపించేది అదే. సెట్టు మీద ఖర్చయింది కాబట్టి దాని మీద కెమెరా ఇంకాసేపు తిరుగుతుంది.

'పెద్దమనుషులు' సంగతి మీరే తెచ్చారు కాబట్టి అసలు చెప్పాలనుకున్నది చెప్తాను. ఆయన వరస చూడండి. 1951లో 'పాతాళభైరవి'. 1954లో 'పెద్దమనుషులు', ఊరి పెద్దల బండారం బయటపెట్టే సాంఘికం. 1955లో 'దొంగరాముడు'. 1957లో 'మాయాబజార్'. ఒక మహా జానపదానికీ ఒక మహా పౌరాణికానికీ మధ్య ఆయన మామూలు మనుషుల దగ్గరికి వెళ్లొచ్చారు. దుర్మార్గుడైన మునిసిపల్ చైర్మన్‌ని చూసొచ్చిన కన్నుతో శకునిని చూశారు. దొంగతనం చేసిన అన్ననీ, అతని చెల్లెల్నీ చూసొచ్చిన కన్నుతో శశిరేఖని చూశారు.

రాజమౌళికి కూడా కొన్నాళ్లు ఆ నడక ఉంది. 2009లో 'మగధీర', 2010లో 'మర్యాద రామన్న', 2012లో 'ఈగ'. 2001 నుంచి 2012 వరకు తొమ్మిది సినిమాలు తీశాడు. ఆ తర్వాత పదేళ్లలో మూడు. ఆ మూడూ మహా సినిమాలే. 'బాహుబలి' మొదటి భాగం జాతీయ ఉత్తమ చిత్రం, ఆ అవార్డు అందుకున్న మొదటి తెలుగు సినిమా. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఒక్కో సినిమాకి మూడేళ్లూ నాలుగేళ్లూ పట్టేస్తే మధ్యలో రాము, సైకిలు, గడప లాంటి కథ తీయడానికి తీరికెక్కడిది? పెద్ద సినిమా బాగుందా లేదా అన్నదాని కంటే, దాని వల్ల రాకుండా పోయిన చిన్న సినిమాల గురించే నాకు దిగులు. మనకి ఇంకో ఇద్దరు ముగ్గురు రామన్నలు రావాల్సింది. వాళ్లు రాలేదు.

ప్రశ్న: మా పిల్లలకి తెలుగు అంతంత మాత్రం. 2022లో ఇక్కడ థియేటర్‌లో 'ఆర్ఆర్ఆర్' మళ్లీ వేసినప్పుడు అమెరికా పిల్లలు సీట్లలోంచి లేచి 'నాటు నాటు'కి గంతులేశారు. మా అబ్బాయి ఆ రోజు తలెత్తుకుని తిరిగాడు. మర్యాద రామన్న ఆ పని చేయగలదా?
— ఒక అమ్మ, న్యూజెర్సీ

జవాబు: చేయలేదమ్మా. మీ అబ్బాయికి ఆ రోజు దక్కిన సంతోషం 'ఆర్ఆర్ఆర్' మాత్రమే ఇవ్వగలదు. చంద్రబోస్ గారు, కీరవాణి గారు 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద నిలబడితే ఇక్కడ నేను టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. ఆ సినిమాకి నేను రుణపడి ఉన్నాను.

ఆ పాటనే మీ అబ్బాయితో ఇంకోసారి చూడండి. అందరూ అలిసి పడిపోయాక రామ్, భీమ్ ఇద్దరే మిగులుతారు. జెన్నీ భీమ్‌ని చూస్తోందని రామ్ గమనిస్తాడు. ఇంకా ఆడగలడు, అయినా స్నేహితుడు గెలవాలని కావాలనే కింద పడిపోతాడు. ప్రపంచమంతా చూసిన పాట చివర ఉన్నది అదీ. ఒక హీరో ఓడిపోవడానికి ఒప్పుకున్నాడు.

సినిమా మొదట్లో గిరిజన పిల్ల మల్లిని తీసుకుపోయే సీను కూడా చూపించండి. దొరసాని చిల్లర నాణేలు విసిరితే, పిల్ల పాటకి ఇచ్చిన బహుమానం అనుకుంటుంది తల్లి. అది పిల్లని కొన్న వెల అని తర్వాత అర్థమవుతుంది. తుపాకి పేల్చబోతున్న సిపాయిని ఆపి, ఈ మనిషికి తూటా దండగ అన్నట్టు దొర లెక్క చెప్తాడు. సిపాయి ఆ తల్లిని కట్టెతో కొడతాడు. రెండు మూడు నిమిషాల్లో తెల్లదొరల పాలన మొత్తం చెప్పేశారు, అందుకు వాడింది కొన్ని నాణేలు, ఒక తూటా ధర. వంతెన మీద మంటల్లోంచి పిల్లాడిని కాపాడే ఫీటు కంటే ఆ నాణేలే నాకు గొప్పవి.

పిల్లలకి తెలుగు అంతగా రాకపోయినా 'ఈగ' పెట్టండి. సగం సినిమా మాటలు లేకుండానే అర్థమవుతుంది.

ప్రశ్న: మా సుకుమార్ గారి సంగతేంటి? 'ఆర్య' గొప్పా, 'పుష్ప' గొప్పా?
— ఒక అభిమాని, కాకినాడ

జవాబు: సినిమాల్లోకి రాకముందు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి కాబట్టి సూటిగా చెప్తాను. 2004 నాటి 'ఆర్య' కొత్తదనం మళ్లీ రాలేదు. నా ఓటు మాత్రం ఆ రెంటికీ కాదు, మధ్యలో వచ్చిన 2018 నాటి 'రంగస్థలం'కి. చెవి సరిగ్గా వినపడని చిట్టిబాబు, ఊరి రాజకీయం, అన్న చావు. డబ్బు బాగానే పెట్టారు, ప్రతి పైసా ఆ ఊరి మట్టిలో కనపడుతుంది.

'పుష్ప'లో నన్ను పట్టుకున్నది ఎర్రచందనం లారీలు కాదు, ఇంటిపేరు లేని కొడుకు అవమానం. రెండో భాగంలో పెళ్లాం ముఖ్యమంత్రితో ఒక ఫొటో దిగి రమ్మంటుంది, ఆయన కాదంటాడు, దాంతో పుష్ప ముఖ్యమంత్రినే మార్చేయాలని బయల్దేరతాడు. అంత పెద్ద సినిమా ఒక ఫొటో మీద మొదలైంది. ఆ ఫొటో గుర్తున్నంతసేపూ బాగుంది, ఫైట్లు ఎక్కువై అది మరుగున పడిన చోట నీరసం వచ్చింది.

ప్రశ్న: చిన్న సినిమాల్ని మెచ్చుకునేవాళ్లు అవి వచ్చినప్పుడు థియేటర్‌కి వెళ్లరు. తర్వాత టీవీలో చూసి పొగుడుతారు. అవునా కాదా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చాలామంది విషయంలో నిజమే. అయినా వెళ్లినవాళ్లూ ఉన్నారు. 2004 అక్టోబర్ 15న 'శంకర్ దాదా ఎంబీబీఎస్' వచ్చిన రోజునే శేఖర్ కమ్ముల 'ఆనంద్' కూడా వచ్చింది. చిరంజీవి గారి సినిమా పక్కన ఎవరికీ తెలియని హీరో. ఆ సినిమా ఒకరు చెప్పగా ఇంకొకరు వెళ్లి నిలబెట్టారు. అప్పట్లో థియేటర్‌లో బొమ్మకి కాస్త ఊపిరి తీసుకునే టైం ఉండేది. ఇప్పుడు శుక్రవారం మ్యాట్నీకల్లా తేల్చేస్తున్నారు. నచ్చిన చిన్న సినిమా ఉంటే మొదటి మూడు రోజుల్లోనే వెళ్లండి. టీవీలో వచ్చేదాకా ఆగితే ఆ దర్శకుడికి ఉపయోగం లేదు.

ప్రశ్న: బీటెక్ అయిపోయింది. స్నేహితులంతా కలిసి షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. చేతిలో ఉన్నది 40 వేలు. డ్రోన్ షాట్లు, రెండు ఫైట్లు పెట్టి పెద్ద సినిమాలా కనపడేలా తీస్తే అవకాశాలు వస్తాయని మావాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక కుర్రాడు, ఒంగోలు

జవాబు: డ్రోన్ అద్దె డబ్బు సౌండుకి పెట్టు బాబూ. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. ఇది ప్రొజెక్టర్ రూంలో ఉండి చూసిన సంగతి. స్పీకర్ ఒకటి పాడైన రోజు హాల్లో జరిగే గోల అంతా ఇంతా కాదు.

ఫైట్లు వద్దు. నీ కథలో మనిషికి ఏం కావాలో, అది దక్కకపోతే ఏం పోతుందో ముందు ఒక కాగితం మీద రాసుకో. రెండు వాక్యాలు దాటితే ఇంకా కుదరలేదన్నమాట. తర్వాత అతన్ని ఒక చోట బంధించు. ఇల్లు కావచ్చు, బస్సు కావచ్చు, మీ కాలేజీ హాస్టల్ గది కావచ్చు. అక్కడి నుంచి ఎందుకు కదలలేడో చూసేవాడికి మొదటి రెండు నిమిషాల్లో తెలిసిపోవాలి. 'మర్యాద రామన్న'ని సౌండ్ తీసేసి ఒకసారి చూడు. ఆ ఇంట్లో గుమ్మం ఏ వైపు ఉందో, ఏ సీనులో ఎవరు దానికి దగ్గరగా కూర్చున్నారో కాగితం మీద గీసుకుంటూ వెళ్లు. మనకి తెలియకుండానే ఆ ఇంటి ప్లాను మొత్తం మన బుర్రలోకి ఎక్కించేశారు, అందుకే ఆఖర్లో ప్రతి అడుగుకీ భయం వేస్తుంది.

సినిమా అయ్యాక లింకు పంపు, చూసి రాస్తాను. ఇరవై నిమిషాలు దాటకుండా చూసుకో.